కారానికీ నిప్పుకీ ఒకే తలుపు: డేవిడ్ జూలియస్ పరిశోధన ఏం తేల్చింది, ఏం తేల్చలేదు

పచ్చిమిరపకాయలు తరిగిన చేతిని కాసేపయ్యాక వేడినీళ్లలో పెడితే ఏమవుతుందో చాలామందికి అనుభవమే. అప్పటిదాకా సద్దుమణిగిన మంట ఒక్కసారిగా భగ్గుమంటుంది. అవే నీళ్లు రెండో చేతికి హాయిగా ఉంటాయి. మండే చేతిని చల్లనీళ్ల కింద పెట్టగానే ప్రాణం లేచివస్తుంది. నీళ్లలో కారం లేదు, మిరపకాయలో వేడి లేదు. మరి రెండూ ఒకదానికొకటి ఎలా తోడయ్యాయి?

తెలుగులో సగం జవాబు మాటలోనే ఉంది. పొయ్యిలో కనిపించేదీ మంటే, కారం తింటే నోట్లో పుట్టేదీ మంటే. ఏదో పోలిక కొద్దీ అంటున్నామని అనుకుంటాం. పోలిక కాదు, ఆ రెండూ ఒంట్లో ఒకే తలుపు తెరుస్తాయని 1997లో తేలింది. తేల్చింది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే డేవిడ్ జూలియస్ బృందం. 2021లో ఆయనకూ, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. 2025 జనవరిలో సుజెట్రిజిన్ అనే కొత్త నొప్పి మందుకు అమెరికాలో అనుమతి వచ్చాక ‘అయాన్ చానల్’ అనే మాట మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. ఇంతకీ ఈ చానల్ ఏమిటి, దాన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమైంది, పట్టుకున్నాక కూడా నొప్పి ఎందుకు లొంగలేదు అన్నవి విడివిడిగా చూస్తేనే అర్థమవుతాయి.

కణం గోడలో తలుపు

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పొర ఉంటుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటి పొరలు రెండు లక్షలు పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న రేణువులుగా విడిపోతుంది. వాటినే అయాన్లు అంటారు. మన నాడుల విషయంలో సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు ముఖ్యం. కొవ్వు పొరలోంచి ఇవి దూరలేవు. దాటాలంటే ఆ పొరలో గుచ్చినట్టు నిలబడే ప్రోటీన్ గొట్టాలు కావాలి. ఆ గొట్టమే అయాన్ చానల్. దానికో తలుపు ఉంటుంది. ఏది తగిలితే ఆ తలుపు తెరుచుకుంటుందన్నది చానల్‌ని బట్టి మారుతుంది. కొన్నిటికి విద్యుత్తు, కొన్నిటికి ఒక రసాయనం, కొన్నిటికి ఒత్తిడి, కొన్నిటికి వేడి.

ఇంత చిన్న తలుపు ఇంత పెద్ద అనుభూతిని ఎలా పుట్టిస్తుందో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. నాడీకణం ఊరికే ఉన్నప్పుడు కూడా దాని లోపలికీ బయటికీ మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. మామూలు టార్చి బ్యాటరీలో 1500 మిల్లీవోల్టులు ఉంటాయి కాబట్టి 70 అంటే ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ తేడా అంతా 5 నానోమీటర్ల మందంలోనే ఇమిడి ఉంది. అదే మీటరు లెక్కన చూస్తే ఒక కోటీ 40 లక్షల వోల్టులు. గాలి సుమారు 30 లక్షల దగ్గరే తట్టుకోలేక మెరుపు రవ్వలు వదులుతుంది. అంటే మన నాడులు ప్రతి క్షణం ఎక్కుపెట్టిన విల్లులా ఉంటాయన్నమాట. తలుపు తీయడమే ఆలస్యం, అయాన్లు దూసుకొస్తాయి. ఒక్క చానల్‌లోంచి 2 పికోయాంపియర్ల కరెంటు పోతోందంటే సెకనుకు సుమారు ఒక కోటీ 25 లక్షల అయాన్లు దాటుతున్నట్టు.

నాడుల్లో సంకేతం అయాన్ల రాకపోకలతోనే నడుస్తుందని 1952లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడి మీద ప్రయోగాలతో చూపించారు. ఒక్కొక్క చానల్ తెరుచుకుని మూసుకునే కరెంటును విడిగా కొలవడం మాత్రం 1976లో ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్‌మన్‌లకే సాధ్యమైంది. సన్నటి గాజు గొట్టం కొసను కణం పొరకు అతికించి, ఆ కొస కింద చిక్కిన ఒకట్రెండు చానళ్ల కరెంటును చదివారు.

ఒక తేడాను ఇక్కడే గట్టిగా పట్టుకోవాలి, మందుల దగ్గరికి వచ్చేసరికి ఇదే పనికొస్తుంది. చర్మంలో ఉన్న నాడి కొసలో రెండు రకాల చానళ్లు పనిచేస్తాయి. మొదటి రకం కాపలాదారు లాంటిది. వేడో ఒత్తిడో తగిలితే తెరుచుకుని ‘ఏదో జరిగింది’ అని చెబుతుంది. రెండో రకం ఆ కబురును అందుకుని నాడి పొడవునా వెన్నుపాము దాకా మోసుకెళ్తుంది. జూలియస్ వెతికింది కాపలాదారుని.

ఈస్టు నుంచి మిరపకాయ దాకా

జూలియస్ 1955లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని బ్రైటన్ బీచ్‌లో పుట్టారు. ఆయన మొదలుపెట్టింది నొప్పితో కాదు. బర్క్‌లీలో 1984లో పూర్తిచేసిన పీహెచ్‌డీ ఈస్టు మీద. ఈస్టు కణాలు ఒకదానికొకటి పంపుకునే చిన్న ప్రోటీన్ సంకేతం ఎలా తయారవుతుందన్నది ప్రశ్న. పెద్ద ప్రోటీన్‌ను సరైన చోట కత్తిరించి ఆ సంకేతంగా మార్చే ఎంజైమ్‌ను, దాని జన్యువును గుర్తించిన పనిలో ఆయన ఉన్నారు. మన శరీరం హార్మోన్లను తయారుచేసుకునే పద్ధతి కూడా అలాంటిదే కాబట్టి ఆ పని ఈస్టుతో ఆగిపోలేదు.

తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఆక్సెల్ దగ్గర చేరి, నాడీకణాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని మెదడులో అందుకునే ఒక ప్రోటీన్ జన్యువును 1988లో బయటికి తీశారు. ఆయన జీవితమంతా వాడిన ఉపాయం అప్పుడే కుదిరిందని నాకు అనిపిస్తుంది. ప్రకృతిలో మొక్కలు, పుట్టగొడుగులు, సాలెపురుగులు, పాములు తమను కాపాడుకోవడానికి రకరకాల రసాయనాలు తయారుచేసుకున్నాయి. అవి మన నాడుల్లో ఏదో ఒక ప్రోటీన్‌కు సరిగ్గా అతికేలా లక్షల ఏళ్లుగా పదునెక్కాయి. అంటే ప్రతి విషమూ ఒక తాళంచెవి. చెవి చేతిలో ఉంది, తాళం ఎక్కడుందో వెతకాలి. 2001లో ఇదే తరహా వెతుకులాటలో ఆయన బృందం, గుండెజబ్బు ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మందు ప్లేట్‌లెట్ల మీద ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో కూడా గుర్తించింది. నొప్పికీ దానికీ సంబంధం లేదు, పద్ధతి మాత్రం అదే.

మిరపకాయ సంగతికి వస్తే, దాని కారమంతా క్యాప్సైసిన్ అనే రసాయనం వల్లే. హంగరీ శాస్త్రవేత్త మిక్లోష్ యాంచో ఇరవయ్యో శతాబ్దం నడుమనే దీనితో ఒక వింత గమనించారు. జంతువులకు క్యాప్సైసిన్ ఎక్కువగా ఇస్తే కొన్నాళ్లపాటు వాటికి మంటపుట్టించే రసాయనాలేవీ మంటపుట్టించలేవు. అంటే నొప్పి నాడులను అది ఎంచి మరీ తాకుతోంది. 1990ల నాటికి అది నొప్పి నాడుల్లోకి అయాన్లను రప్పిస్తుందనీ తెలుసు. కానీ దానికంటూ ప్రత్యేకంగా ఒక ప్రోటీన్ ఉందా, లేక జిడ్డు స్వభావం ఉన్న క్యాప్సైసిన్ కణం పొరనే చెదరగొడుతోందా అన్న అనుమానం పూర్తిగా పోలేదు. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో మసాలాల అర ముందు నిలబడి ఈ ప్రశ్న గురించే ఆలోచిస్తుంటే, తానూ శాస్త్రవేత్తే అయిన భార్య హోలీ ఇంగ్రహం ఇక మొదలుపెట్టమని తొందరపెట్టారని జూలియస్ చెప్పుకున్నారు.

పదహారు వేల కాపీల్లో ఒకటి

ఎలా వెతకాలి? మైకేల్ క్యాటరీనా, మరికొందరు సహచరులు చేసిన పని వివరంగా చెప్పుకోదగ్గది.

ఎలుక వెన్నుపాము పక్కన ఉండే నొప్పి నాడీకణాలు క్యాప్సైసిన్‌కు స్పందిస్తాయి. కాబట్టి ఆ కణాల్లో పనిచేస్తున్న జన్యువుల్లో ఏదో ఒకటి ఆ తాళం. వాటన్నిటికీ డీఎన్‌ఏ కాపీలు తీసి, సుమారు 16,000 చొప్పున గుంపులుగా విడదీశారు. ఒక్కో గుంపును కారం అంటే ఏమిటో తెలియని మూత్రపిండ కణాల్లోకి ఎక్కించారు. కణాల్లో కాల్షియం పెరిగితే వెలుగు మారే రంగు పోశారు. పైన క్యాప్సైసిన్ వేసి మైక్రోస్కోపులో చూశారు. చాలా గుంపుల్లో ఏమీ కనిపించలేదు. ఒక గుంపులో మాత్రం అక్కడక్కడ కొన్ని కణాలు వెలిగాయి.

అక్కడి నుంచి పని అల్లికలో తప్పిన కుట్టు వెతికినట్టే. ఉదాహరణకు వెలిగిన 16,000 కాపీలను ఇరవై భాగాలు చేస్తే భాగానికి 800. మళ్లీ ఏ భాగం వెలిగిందో చూసి దాన్ని ఇరవై చేస్తే 40. ఇంకోసారి చేస్తే 2. నాలుగోసారికి ఒక్కటే మిగులుతుంది. లెక్క సులువే. కానీ ఈ పద్ధతిలో పెద్ద జూదం ఉంది. ఆ తాళం ఒకే జన్యువుతో తయారై ఉండాలి. రెండు వేర్వేరు జన్యువుల ప్రోటీన్లు కలిస్తేనే పనిచేసే చానల్ అయి ఉంటే, చివరిదాకా విడదీసుకుంటూ పోయేకొద్దీ వెలుగు మాయమైపోయేది. అదృష్టం కొద్దీ ఒక్క జన్యువే సరిపోయింది.

బయటపడినది 838 అమైనో ఆమ్లాల ప్రోటీన్. దాని బంధువులెవరా అని చూస్తే ఈగ కంట్లో తేలారు. ఎడతెగని వెలుతురులో చూపు నిలుపుకోలేని ఒక రకం ఈగలను 1969లో వర్ణించారు. వాటిలో చెడిపోయిన జన్యువుకు ట్రిప్ అని పేరు. ఈగ చూపుకు పనికొచ్చిన కుటుంబమే ఎలుకకు కారాన్ని తెలియజేస్తోందన్నమాట. అలా కొత్త చానల్‌కు తర్వాత ట్రిప్‌వీ1 అన్న పేరు స్థిరపడింది.

43 డిగ్రీలు, ఒక అంకె కథ

మిరపకాయ తెలియజేయడానికే ఒంట్లో చానల్ ఉంటుందా? ఉండదు. మిరపకాయ ఎప్పుడూ తినని జీవులకూ అది ఉంది. దాని అసలు పని వేరే ఉండాలి. కారం తింటే ‘మండుతోంది’ అంటామే తప్ప ‘గుచ్చుకుంటోంది’ అనం కదా. జూలియస్ బృందం ఆ మాటనే పట్టుకున్నట్టుగా చానల్ ఉన్న కణాలను వేడిచేసింది. ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దరికి చేరగానే తలుపు తెరుచుకుంది. మనకు వేడి హాయి నుంచి బాధగా మారేది కూడా దాదాపు అక్కడే.

అయితే 43ను గీత గీసినట్టు చూడకూడదు. ఆ అంకె పరిస్థితిని బట్టి కిందికీ పైకీ జరుగుతుంది. చుట్టూ ఆమ్లం పెరిగితే తలుపు తక్కువ వేడికే తెరుచుకుంటుంది. దెబ్బ తగిలి వాచిన చోట ఆమ్లం పెరుగుతుంది, వాపుతో వచ్చే ఇతర రసాయనాలూ ఈ చానల్‌ను సున్నితం చేస్తాయి. ఎండకు కమిలిన వీపు మీద 38 డిగ్రీల నీళ్లు పోసుకుంటే జరిగేది ఇదే. మామూలు రోజున 38కి 43కి మధ్య 5 డిగ్రీల ఎడం ఉంటుంది, నీళ్లు గోరువెచ్చగా అనిపిస్తాయి. కమిలిన రోజున గడప 38 కిందికి దిగిపోయింది, అవే నీళ్లు కాల్చినట్టు ఉంటాయి. నీళ్లు మారలేదు, గడప మారింది. కారం అంటిన చేయి కథ కూడా ఇంతే. క్యాప్సైసిన్ తలుపును ఓరగా తోసి పెట్టింది, మిగతాది వేడినీళ్లు తోశాయి. చల్లనీళ్లు దాన్ని తిరిగి మూతవైపు నెట్టాయి.

ఈ ప్రోటీన్‌లో చిన్న మార్పు ఎంత దూరం పోతుందో పక్షులు చూపిస్తాయి. కోడి ట్రిప్‌వీ1 వేడికి తెరుచుకుంటుంది గానీ క్యాప్సైసిన్‌ను పట్టించుకోదని 2002లో జూలియస్, స్వెన్-ఎరిక్ యోర్ట్ చూపించారు. అందుకే పక్షులు మిరపపళ్లను సునాయాసంగా తింటాయి. వాటి కడుపులోంచి గింజలు నలగకుండా బయటపడి దూరంగా మొలుస్తాయి. గింజల్ని నమిలేసే క్షీరదాలకు మాత్రం మొక్క మంటపెడుతుంది.

కారం వేరు, ఘాటు వేరు

కారం రుచా కాదా అన్న వాదన తరచూ వస్తుంది. షడ్రుచుల్లో కారం ఉంది. శరీరశాస్త్రం పాఠాల్లో లేదు, అక్కడ తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి ఉంటాయి. ఎవరు తప్పు? నా దృష్టిలో రెండు జాబితాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. తిన్నప్పుడు కలిగే అనుభవాన్ని బట్టి పేర్చింది ఒకటి, కబురు ఏ దారిలో వచ్చిందో చూసి పేర్చింది ఇంకొకటి. దారి వేరని చెప్పడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. అరచేతి వెనక ఉప్పు రాస్తే ఉప్పగా తెలియదు, కారం రాస్తే మండుతుంది. కంట్లో పడితే చెప్పనే అక్కర్లేదు. రుచి మొగ్గలు నోట్లోనే ఉంటాయి, నొప్పి నాడులు ఒళ్లంతా ఉంటాయి. కారం వచ్చేది రెండో దారిలో.

తెలుగు ఇంకో తేడా కూడా పట్టుకుంది. మిరపకాయ కారం, ఆవపిండీ పచ్చి వెల్లుల్లీ ఘాటు. కారం నోట్లో మండుతూ కూర్చుంటుంది. ఘాటు ముక్కుకెక్కి కళ్లు చెమ్మగిల్లేలా చేసి దిగిపోతుంది. ఒంట్లో కూడా ఇవి వేరే తలుపులే. ఆవనూనెలోని ఘాటైన రసాయనం తెరిచేది ట్రిప్‌ఏ1 అనే చానల్‌ని అని 2004లో జూలియస్ బృందం చూపింది. తెరిచే తీరూ వేరు. క్యాప్సైసిన్ ప్రోటీన్‌లోని ఒక సందులో కుదురుగా సర్దుకుని కూర్చుంటుంది. ఆవ ఘాటు ప్రోటీన్‌తో రసాయనికంగానే అతుక్కుంటుంది. పైగా అది తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి ముక్కులోకి పోతుంది, క్యాప్సైసిన్ అలా ఆవిరి కాదు.

చల్లదనానికి కూడా ఇదే ఉపాయం పనికొచ్చింది. పుదీనా జాతి మొక్కల్లో ఉండే మెంథాల్‌ను తాళంచెవిగా వాడి 2002లో జూలియస్ ప్రయోగశాల ట్రిప్‌ఎం8ను పట్టుకుంది. పటపూటియన్ ప్రయోగశాల కూడా విడిగా, అదే సమయంలో అక్కడికే చేరింది. ఉష్ణోగ్రత 20ల మధ్యకు దిగినప్పుడు ఈ చానల్ తెరుచుకోవడం మొదలవుతుంది. మెంథాల్ ఉంటే ఆ గడప పైకి జరుగుతుంది, మామూలు గాలికే తెరుచుకుంటుంది. మెంథాల్ బిళ్ల చప్పరించి నోరు తెరిచి గాలి పీలిస్తే చలిగాలిలా తగలడానికి కారణం ఇది. గాలి చల్లబడలేదు.

గబ్బిలం ముక్కు, పాము గుంట

చానల్ ఒకటే, కొలత మార్చుకుంటే కొత్త ఇంద్రియమే పుడుతుందని జూలియస్ బృందం తర్వాతి ఏళ్లలో చూపిన సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. రక్తం తాగే వ్యాంపైర్ గబ్బిలం ముక్కు దగ్గర నాడుల్లో ట్రిప్‌వీ1 కాస్త కురచ రూపంలో ఉంటుంది. అది 43 దాకా ఆగదు, 30 డిగ్రీలకే తెరుచుకుంటుంది. దాంతో చర్మం కింద వెచ్చటి రక్తనాళం ఎక్కడుందో గబ్బిలానికి తెలిసిపోతుంది. ఇది 2011 నాటి ఫలితం. దానికి ముందు ఏడాది ర్యాటిల్‌స్నేక్ తలమీది గుంటల్లో ట్రిప్‌ఏ1 వేడిని పసిగట్టే పని చేస్తోందని తేల్చారు. మనకు ఘాటు తెలిపే చానల్ ఆ పాముకు చీకట్లో ఎలుకను చూపిస్తోంది. కొన్ని టరాన్ట్యులా సాలెపురుగుల విషం ట్రిప్‌వీ1నే పట్టి తెరుస్తుందని 2006లో కనుక్కున్నారు. మిరపమొక్కా సాలెపురుగూ ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండానే ఒకే తలుపు మీదికి వచ్చాయి.

ఆ సాలె విషమే 2013లో మరో పనికి వచ్చింది. యీఫాన్ చెంగ్‌తో కలిసి జూలియస్ బృందం చానల్‌ను గడ్డకట్టించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (నానోమీటరులో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) స్పష్టతతో దాని ఆకారం తీసింది. స్ఫటికం చేయకుండానే పొరలో ఉండే ప్రోటీన్‌ను అంత వివరంగా చూడగలగడం అప్పట్లో ఆ రంగాన్నే కుదిపేసింది. నాలుగు ఒకేలాంటి ముక్కలు పువ్వు రేకుల్లా మధ్య దారి చుట్టూ నిలబడి కనిపించాయి. సాలె విషం తగిలించి చూస్తే తలుపు తెరిచిన భంగిమ కూడా దొరికింది.

ఒత్తిడి సంగతి

వేడికీ చలికీ మొక్కలు తాళంచెవులు ఇచ్చాయి. స్పర్శకు అలాంటి రసాయనం లేదు. అందుకని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో పటపూటియన్, బెర్ట్రాండ్ కోస్ట్ ఎదురు దారి పట్టారు. గుచ్చితే కరెంటు వచ్చే కణాలను ఎంచుకుని, అనుమానం ఉన్న 72 జన్యువులను ఒక్కొక్కటిగా నోరుమూయించుకుంటూ పోయారు. ఒకటి మూస్తే కరెంటు రావడం, ఇంకోటి మూస్తే కరెంటు రావడం. 72వది మూయగానే గుచ్చినా కరెంటు రాలేదు. 2010లో ప్రచురించిన ఆ చానల్‌కు ఒత్తిడి అని అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి పియెజో1 అని పేరుపెట్టారు. దాని తోబుట్టువు పియెజో2 మన స్పర్శకు కీలకం. పుట్టుకతో అది పనిచేయని కొందరిని అమెరికా పరిశోధకులు 2016లో వర్ణించారు. కళ్లు తెరిచి ఉంటే వాళ్లు నడవగలరు. కళ్లకు గంతలు కడితే తమ చేయి ఎక్కడుందో, కాలు ఎక్కడుందో తెలియక తడబడతారు.

ఇంకా తెగని ముడులు

ట్రిప్‌వీ1 దొరికింది కాబట్టి వేడి రహస్యం తేలిపోయిందని రాసేవాళ్లున్నారు. అంత సులువు కాదు. 2000లో ఆ జన్యువు లేని ఎలుకలను తయారుచేసి చూశారు. కారం కలిపిన నీళ్లను అవి మామూలు నీళ్లలా తాగాయి. వేడికి మాత్రం ఆలస్యంగానైనా స్పందించాయి. అంటే వేరే కాపలాదారులూ ఉన్నారు. 2018లో బెల్జియం పరిశోధకులు ట్రిప్‌వీ1, ట్రిప్‌ఏ1, ట్రిప్‌ఎం3 మూడూ లేని ఎలుకల్లోనే కాలే వేడి నుంచి తప్పుకోవడం దాదాపు పూర్తిగా పోయిందని చూపారు. మూడింటిలో ఏ ఒక్కటి మిగిలినా ఎలుక తప్పుకుంటోంది. ప్రాణం మీదికి వచ్చే హెచ్చరికను శరీరం ఒక్కరి మీదే వదిలేయలేదన్నమాట.

ట్రిప్‌ఏ1 విషయంలో రెండు ప్రయోగశాలల మధ్యే తేడా వచ్చింది. అది బాధపెట్టే చలిని గుర్తిస్తుందని 2003లో పటపూటియన్ బృందం రాసింది. తమ ప్రయోగాల్లో చలికి అది స్పందించలేదని మరుసటి ఏడాది జూలియస్ బృందం రాసింది. తర్వాత వచ్చిన ఫలితాలు కూడా జంతువును బట్టి, ప్రయోగాన్ని బట్టి అటూ ఇటూ ఊగాయి. పాములో అదే ప్రోటీన్ వేడికి తెరుచుకుంటుందని గుర్తుంచుకుంటే, ఒక చానల్ పనిని అన్ని జీవులకూ ఒకే మాటలో చెప్పడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఇంకా లోతైన ముడి ఇంకొకటుంది. వేడి ఒక ప్రోటీన్ తలుపును ఎలా తెరుస్తుంది? క్యాప్సైసిన్ కూర్చునే సందు ఎక్కడుందో చూపించగలిగారు. వేడికి అలాంటి చోటు లేదు, అది ప్రోటీన్ మొత్తాన్నీ తాకుతుంది. చానల్‌లో ఏదో ఒక భాగమే థర్మామీటరులా పనిచేస్తుందని కొందరంటారు. అలాంటి ప్రత్యేక భాగం అక్కర్లేదు, తెరుచుకున్నప్పుడు ప్రోటీన్ లోపలి భాగాలు నీళ్లకు తగిలే తీరు మారితే చాలు, వేడికి స్పందించే గుణం అదే వస్తుందని డేవిడ్ క్లాపమ్, క్రిస్టఫర్ మిల్లర్ 2011లో వాదించారు. రెండో వాదన నిజమైతే చలికి తెరుచుకునే చానల్‌నూ వేడికి తెరుచుకునే చానల్‌నూ ఒకే సూత్రం వివరించగలదు. మొదటిదాని బలం, ఫలానా భాగాన్ని మారిస్తే వేడి స్పందన మారుతోందన్న ప్రయోగాలు. ఆ మార్పు థర్మామీటరును చెడగొట్టిందా, లేక తలుపునే బిగించిందా అని విడదీయడం దగ్గరే వాదన ఆగుతోంది.

తలుపు మూస్తే నొప్పి పోతుందా

ట్రిప్‌వీ1 దొరికిన వెంటనే మందుల కంపెనీలు దాన్ని మూసే మందుల కోసం పరుగెత్తాయి. ఆలోచన సబబైనదే. కానీ మనుషులకు ఇచ్చి చూస్తే రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. కొన్ని మందులతో జ్వరం వచ్చింది, కొందరిలో 40 డిగ్రీల దాకా పోయింది. అంటే ఈ చానల్ నొప్పికే కాదు, ఒంటి వేడిని అదుపులో ఉంచడానికీ పనికొస్తోంది. ఇంకొన్ని మందులు వేసుకున్నవాళ్లకు చర్మాన్ని కాల్చగల వేడి కూడా మామూలు వెచ్చదనంలా అనిపించింది. నొప్పి తగ్గించబోతే కాపలా పోయింది.

కాపలా పూర్తిగా పోతే ఏమవుతుందో 2006లో ప్రచురించిన ఒక పరిశోధన కళ్లకు కట్టింది. పాకిస్తాన్‌లో ఒక కుర్రవాడు నిప్పుల మీద నడుస్తూ, చేతుల్లోకి కత్తులు దింపుకుంటూ వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. అతనికి నొప్పంటే తెలియదు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. ఆ ప్రాంతంలో ఇలాంటి కుటుంబాలను పరీక్షిస్తే నావ్1.7 అనే సోడియం చానల్ పనిచేయడం లేదని తేలింది. ఇది కబురు మోసే రకం చానల్. సుజెట్రిజిన్ మూసేది దీని తోబుట్టువైన నావ్1.8ను. అది ఎక్కువగా నొప్పి నాడుల్లోనే ఉంటుంది కాబట్టి మెదడును మత్తులో ముంచకుండా కబురును దారిలోనే ఆపవచ్చన్నది ఆశ. శస్త్రచికిత్స తర్వాతి నొప్పిలో ఆ మందు ఉత్తుత్తి మాత్ర కన్నా బాగా పనిచేసింది, నల్లమందు తరహా ఓపియాయిడ్ కలిసిన మందును మాత్రం మించలేదు. నడుము నుంచి కాలికి పాకే దీర్ఘకాలిక నొప్పి మీద జరిగిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రకు దాదాపు సమానంగానే నిలిచింది. నెలల తరబడి సాగే నొప్పిలో నాడులూ వెన్నుపామూ తమంతట తామే మారిపోతాయి. అలాంటప్పుడు ఒక్క తలుపు మూసినా కబురు ఆగకపోవచ్చు.

ఇప్పటిదాకా ట్రిప్‌వీ1 జ్ఞానంతో రోగి దాకా చేరినది తలుపును మూసే మందు కాదు, బార్లా తెరిచే మందు. సర్పి అని పిలిచే హెర్పిస్ జోస్టర్ తగ్గాక కొందరికి ఆ చోట నెలల తరబడి మంట మిగిలిపోతుంది. దానికోసం 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికా ఆమోదించింది. తలుపు అంతసేపు తెరిచి ఉంటే లోపలికి కాల్షియం పోటెత్తి, నొప్పి నాడి కొసలు చర్మం పైపొరల నుంచి వెనక్కి ముడుచుకుంటాయి. యాంచో జంతువుల్లో చూసింది ఇదే. గంటసేపు ఉంచిన పట్టీ ప్రభావం కొందరిలో మూడు నెలల దాకా ఉంటుంది. చర్మానికి ముందుగా తిమ్మిరెక్కించే పూత రాస్తారు, పట్టీ వేసే నర్సులు చేతులకు గ్లోవ్స్ తొడుక్కుంటారు. ఆ గంటలో మంట భరించలేకపోతే రోగికి చల్లటి ప్యాక్ పెడతారు.